స్ప్రింగులు తీసేసిన ఆదివారం

మా బావ నన్ను మోసం చేశాడని చెబితే మా చుట్టాల్లో ఎవరికీ కోపం రాదు. నవ్వొస్తుంది. బావ అన్నాక బామ్మర్దిని ఆటపట్టించకుండా ఉంటాడా అంటారు. మా వైపు బావాబామ్మర్దుల మధ్య ఏం జరిగినా సరసం కిందికే వస్తుంది. టీలో చక్కెర బదులు ఉప్పేస్తారు, పెళ్లిలో చెప్పులు దాచేసి ఎండకు కాలిన నేల మీద గంతులేయిస్తారు, అన్నీ చెల్లుబాటవుతాయి. ఉడుక్కున్నవాడిదే తప్పు. నేను ఉడుక్కున్నాను, ఇంకా ఉడుక్కుంటూనే ఉన్నాను. చెప్పుకుంటే నవ్వుతారు కాబట్టి రాసుకుంటున్నాను.

గొడవంతా ఒక బొమ్మ కారు గురించి. చెప్పడానికి నాకే కాస్త సిగ్గు. అరచేతిలో పట్టే కారు అది. బల్ల మీద సన్నని గాడి ఉంటుంది. కారు ముందు భాగం కింద నాలుక లాంటి చిన్న ముక్క ఆ గాడిలోకి దిగుతుంది. గాడికి రెండు పక్కలా అంటించిన రాగి పట్టీల నుంచి కారులోని మోటారుకు కరెంటు అందుతుంది. మన చేతిలో ఒక మీట ఉంటుంది, ఎంత నొక్కితే అంత వేగం. స్టీరింగు లేదు, ఏమీ లేదు. మలుపులో కాస్త ఎక్కువ నొక్కితే కారు గాడిలోంచి ఎగిరిపోయి గోడకు తగులుతుంది. దీన్ని స్లాట్ కారు అంటారు. నలభై దాటిన ఇద్దరు మగవాళ్లు దీని మీద పడి ఆదివారాలన్నీ తగలేశారంటే మా ఆవిడకే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు, ఇక మీరెందుకు నమ్ముతారు.

బావ అంటే మా అక్క మొగుడు. కడప ఊరి బయట ఆయనకు బండలు కోసి పాలిష్ పట్టే షెడ్డు ఉంది. నల్ల బండలు. వంటింటి గట్లకు, మెట్లకు, అరుగులకు, సమాధులకు కూడా అవే. రాళ్ల మీద పేర్లు, సిలువలు, దేవుళ్ల బొమ్మలు చెక్కే కంప్యూటర్ మిషను కూడా పెట్టాడు. మంచి మాటకారి. గట్టిగా నవ్వుతాడు, నవ్వినప్పుడల్లా పక్కవాడి తొడ మీద చరుస్తాడు. ఓడిపోవడం ఒక్కటే చేతకాదు. క్యారంబోర్డులో ఓడితే బోర్డు వంకరగా ఉందంటాడు, ఆ పూట అన్నం ముందు మొహం మాడ్చుకుని కూర్చుంటాడు.

నాది కర్నూలు. పాతబస్తీలో మా నాయన పెట్టిన కళ్లజోళ్ల దుకాణం. పాలిటెక్నిక్‌లో మెకానికల్ చదివి బయటికి వచ్చిన ఏడాదే నాయన మంచాన పడ్డాడు. నాలుగు రోజులు చూసుకుందామని గల్లా ముందు కూర్చున్నాను, అంతే, మళ్లీ లేవలేదు. ఫ్రేముకు అద్దం బిగించడం, వంగిన కాడ సరిచేయడం, ముక్కు మీద జారుతోందన్నవాళ్లకు జారకుండా చేయడం, ఇదే నా పని. చెడ్డ పనేం కాదు. కానీ ఇన్నేళ్లలో నా బుర్రలోంచి పుట్టిందంటూ ఒక్కటీ లేదు, ఈ స్ప్రింగులు తప్ప.

ఈ పిచ్చి ముందు అంటుకుంది బావకు. బెంగళూరులో ఎవరో పెద్దాయన ఇంటికి బండలు వేయడానికి పోయి, ఆయన మేడ మీద ఈ ఆట చూసి వచ్చాడు. వస్తూ వస్తూ రెండు కార్లు తెచ్చి ఒకటి నాకిచ్చాడు. ఇచ్చిన మాట నిజం, నేను కాదనను. మొదటి ట్రాక్ మా దుకాణం పై గదిలో ప్లైవుడ్‌తో వేశాం. దానికి ఒక్క ఎండాకాలం చాలింది. కర్నూలు ఎండకు పలకలన్నీ అప్పడాల్లా లేచాయి. బావ వచ్చి చూసి, "రాళ్ల మధ్యన బతుకుతా కట్టెను నమ్ముకుంటే ఎట్లప్పా? బండ మీద ఏస్తాం పా" అన్నాడు.

అన్నంత పనీ చేశాడు. సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కే మిషనుతోనే బండల్లో గాడి తీయించాడు. ఇనప కాళ్ల మీద ఆ బండలు పరిచి, షెడ్డు పక్క గదిలో ట్రాక్ నిలబెట్టాడు. దేశంలో ఇంకెక్కడైనా రాతి ట్రాక్ ఉందో లేదో తెలియదు, మాకైతే ఉండేది. ఎండకు వంగదు, వానకు ఉబ్బదు. ఇక ఆదివారం వస్తే పొద్దున్నే కడప బస్సు ఎక్కేవాణ్ణి.

రాతికి ఉన్న తంటా ఒక్కటే, అతుకులు. గనిలోంచి వచ్చిన బండల్లో ఒకటి మందంగా ఉంటుంది, ఇంకొకటి పలచగా ఉంటుంది. కింద ఎన్ని ముక్కలు పెట్టి సర్దినా రెండు బండలు కలిసే చోట గోటి మందం ఎత్తుపల్లం మిగిలేది. మనుషులకు అది లెక్కలోకి రాదు. అరచేతి కారుకు అది గడప. అతుకు మీదికి రాగానే కారు టక్కున ఎగిరేది, వెనక చక్రాలు గాల్లో తిరిగేవి, ఆ వెంటనే మలుపు వచ్చిందంటే కారు గోడ దగ్గర వెతుక్కోవాల్సిందే.

ఒకరోజు దుకాణంలో ఒక పాత ఫ్రేము విప్పుతున్నాను. కొంచెం మంచి రకం ఫ్రేముల్లో, కాడ మడిచే చోట లోపల చిన్న స్ప్రింగు ఉంటుంది. కాడను బయటికి లాగినా విరగకుండా తిరిగి తన చోటికి వచ్చేది దానివల్లే. రోజూ చూసేదే. ఆ రోజు మాత్రం దాన్ని వేలి కొన మీద పెట్టుకుని నొక్కుతూ కూర్చుండిపోయాను. కారులో మోటారునూ వెనక ఇరుసునూ కలిపి పట్టుకునే చిన్న చట్రం ఒకటి ఉంటుంది. దాన్ని కారు అడుగు పలకకు మరలతో బిగిస్తారు. ఆ మరలకు ఈ స్ప్రింగులు తొడిగి, బిగింపు కాస్త వదిలితే? అతుకు దగ్గర దెబ్బ తగిలితే చట్రం ఒక్కటే కదిలి ఊరుకుంటుంది. పైన కారు ఎగరదు, చక్రం నేలను వదలదు. ఎదురుగా ఎవరో ముసలాయన అద్దాల కోసం నిలబడి పిలుస్తున్నా నాకు వినపడలేదు.

అమ్ముడుపోక మూలపడిన ఫ్రేములన్నీ విప్పాను. కొన్ని స్ప్రింగులు మరీ మెత్తన, కొన్ని మరీ బిర్రు. బంగారు పూత ఉన్నవి ఒకే రకం ఫ్రేముల్లో దొరికాయి, అవి కుదిరాయి. ఆ కారు కడప బండల మీద మొదటిసారి అతుకులు దాటుకుంటూ పోయినప్పుడు నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బొమ్మ కారుకు ఏడుస్తావా అనకండి. చదివిన చదువు ఒక్కసారైనా నాకు పనికొచ్చిన రోజు అది.

బావకు అది మింగుడుపడలేదు. "అది స్ప్రింగు గొప్ప కాదప్పా, ఈ పొద్దు నీ చెయ్యి బాగుండాది" అన్నాడు. తర్వాతి ఆదివారం టైర్ల గొప్ప అన్నాడు. ఆ తర్వాత మోటారు అన్నాడు. టైర్లు మార్చుకున్నాం, మోటార్లు మార్చుకున్నాం, చివరికి ఆయన కారు నేనూ నా కారు ఆయనా తోలాం. ఎవరు తోలినా స్ప్రింగులున్న కారే ముందు వచ్చేది. చుట్లు లెక్కపెట్టడానికి మాకు ఒక సారు ఉండేవాడు. బడిలో లెక్కలు చెబుతాడు, ఆదివారం చర్చిలో హార్మోనియం వాయిస్తాడు. ఆరాధన అవగానే తెల్లచొక్కా నలక్కుండా నేరుగా షెడ్డుకు వచ్చేవాడు. ఆయన చెప్పిందే మాకు తీర్పు. ఆ సారు కూడా ఒకరోజు, "మీ బామ్మర్ది చెప్పేది నిజమే లేప్పా" అన్నాడు. బావ నవ్వాడు గానీ ఎవరి తొడా చరవలేదు.

ఆ రోజు భోజనాల దగ్గర బావ మొదటిసారి నన్ను సరిగ్గా అడిగాడు. "నిజం చెప్పు బామ్మర్దీ, ఎప్పుడు పెట్టినా స్ప్రింగు మంచిదేనా?"

ఎవరైనా నా పని గురించి అడిగితే చాలు, నేను ఉబ్బి తబ్బిబ్బవుతాను. రాగిసంగటి ముద్ద పక్కకు తోసి, పళ్లెంలోనే వేలితో గీసి చూపించాను. "అట్లేం లేదు బావా. గతుకులున్న కాడే దాని పని. అంతా నున్నగుంటే స్ప్రింగు దండగ. మలుపు కాడ చట్రం ఊగుతాది, కారు నిదానిస్తాది. నున్నటి ట్రాక్ మీద గట్టిగ బిగిచ్చిన కారే మేలు. మనకు అతుకులుండాయి గాబట్టి ఇది గెలుస్తాంది."

ఆయన ముద్ద నములుతూ శ్రద్ధగా విన్నాడు. మధ్యలో ఒక్క పరాచికం కూడా ఆడలేదు. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. నాకు వచ్చింది సంతోషం.

కొన్నాళ్లకు బెంగళూరు వాళ్ల నుంచి పిలుపు వచ్చింది. అక్కడ ఈ ఆట ఆడేవాళ్లు ఏడాదికోసారి పోటీ పెడతారు. బయటి ఊళ్ల నుంచి ఒక్కో ట్రాక్‌కు ఒక కారు, ఒక మనిషి. ట్రాక్ చెక్కది, ఎన్నో ఏళ్ల నాటిది, అతుకులన్నీ లేచి ఉంటాయని వాళ్లే రాశారు. ఆ మాట చదివి నేను దుకాణంలో ఒక్కణ్ణే నవ్వుకున్నాను. నా స్ప్రింగుల కోసమే కట్టి పెట్టినట్టుంది. కడపకూ కర్నూలుకూ కలిపి మాకు దక్కింది ఒక్క చోటు. "దీంట్లో గొడవేముండాదప్పా, ఈడ ఎవురి కారు గెలిస్తే వాళ్లు పోయేది" అన్నాడు బావ. నేను ఒప్పుకున్నాను. సారు సాక్షి.

నాకు ఎంత ఆశ ఉండిందో ఇప్పుడు దాచడం ఎందుకు. బహుమతి మీద కాదు. అక్కడ ఇంజనీర్లు ఉంటారు, కార్లను విప్పి చూసేవాళ్లు ఉంటారు. ఎవరో ఒకరు నా కారును తిరగేసి, ఇదేంటి, ఇది ఎవరు చేశారు అని అడుగుతారు. నేను చేశానని చెప్పాలి. ఆ ఒక్క మాట చెప్పుకోవడం కోసం కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాను.

పోటీ పెట్టుకున్న ఆదివారం కడపకు పోయేసరికి గదిలో ట్రాక్ నల్లగా మెరుస్తోంది. నల్ల బండకు నూనె రాస్తే అలాగే కొత్తగా కనిపిస్తుంది, మా వైపు ఇళ్లలో పండగకు అరుగులకు కూడా రాస్తారు. రాగి పట్టీలు కూడా కొత్తవి అంటించి ఉన్నాయి. "పెద్ద పోటీ గదా, కొంచెం శుభ్రం చేసినాం" అన్నాడు బావ. నేను మెచ్చుకున్నాను. పాత పట్టీలు లేచిపోయి కరెంటు సరిగ్గా అందడం లేదని నేనే ఎన్నోసార్లు అన్నాను, ఇన్నాళ్లకు నా మాట విన్నాడు అనుకున్నాను. ఆ మెప్పు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

మొదలుపెట్టాం. బావ కారు ఎగరలేదు. బాణంలా పోతోంది. నా కారు మలుపుల దగ్గర బద్ధకంగా ఊగుతోంది. మీట ఇంకా నొక్కాను, కారు బయటికి పోయింది. తీసి పెట్టాను, మళ్లీ పోయింది. స్ప్రింగులు బిగించి చూశాను, వదిలి చూశాను, తీసి తుడిచి మళ్లీ పెట్టాను. బావ అడ్డు చెప్పలేదు. "నింపాదిగా చేసుకో అప్పా, తొందరేముండాది" అని టీ తెప్పించాడు. మళ్లీ తోలాం. మళ్లీ ఓడాను. అతుకుల దగ్గర వినిపించే ఆ టక్కు టక్కు చప్పుడు ఆ రోజు లేదు. లేదన్న సంగతి నాకు తట్టనే లేదు. నేను నా కారునే చూస్తున్నాను. తప్పు నాలోనే ఉందని నమ్మేశాక చుట్టూ ఎవరు చూస్తారు?

సారు లెక్క చెప్పి తల దించుకున్నాడు. బావ వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "బాధపడొద్దు బామ్మర్దీ. ఇన్నాళ్లూ ఏందో కలిసొచ్చింది నీకు. స్ప్రింగు అనేది ఒట్టి సోకప్పా. తీసేయ్, గట్టిగ బిగిచ్చుకో."

ఆ గొంతులో అంత జాలి ఉంది. ఆ జాలికి నేను కరిగిపోయాను. ఆయన ఎదుటా సారు ఎదుటా ఒప్పుకున్నాను, నేను పొరపాటు పడ్డాను బావా, స్ప్రింగుల వల్ల ఏం లేదు అని. అక్కడే కూర్చుని మరలు విప్పి నాలుగు స్ప్రింగులూ తీసేశాను. అవి అరచేతిలో పెట్టుకుని ఏం చేయాలో తెలియక చూస్తుంటే బావ చెయ్యి చాపాడు. "ఎట్లా పారేసేటివే గదా, ఈడ ఇచ్చి పో. ఊరికే ఆడుకుంటా." ఇచ్చేశాను. ఇంకో నాలుగు డబ్బాలో ఉంటే అవి కూడా ఇచ్చేశాను. అవి ఇక నా దగ్గర ఉండకూడదనిపించింది.

తిరిగి వచ్చాక చాలా రోజులు కారు ముట్టలేదు. దుకాణంలో ఎవరైనా కాడలు స్ప్రింగువి మంచివా మామూలువి మంచివా అని నన్నే సలహా అడిగితే, మామూలువే తీసుకోండి అనేవాణ్ణి. మా ఆవిడ చూసి, అలకా, ఒంట్లో బాగా లేదా అని అడిగింది. అలక కాదు. నాకు తెలుసు అనుకున్నది ఒక్కటీ నాకు తెలియదని తేలిపోయింది. ఆ వయసులో అది తేలికగా తీసుకోలేం.

బావ బెంగళూరు పోయాడు, గెలిచాడు. మొదటి బహుమతి. ఆ సాయంత్రం, మేమిద్దరం కూడా ఉన్న బెంగళూరు వాళ్ల వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టారు. బావ కారు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నాకు నిజంగానే సంతోషం వేసింది. మా బావ, మా కడప రాళ్లాయన అంతమంది మధ్య నిలబడ్డాడని మా ఆవిడను పిలిచి చూపించాను. అంతలో వీడియోలో ఎవరో కారు తీసుకుని తిరగేశారు. ఫోను దగ్గరికి తెచ్చారు. చట్రం మరల కింద నాలుగు స్ప్రింగులు. బంగారు పూత.

ఇదేమిటని ఎవరో ఇంగ్లీషులో అడిగారు. బావ పెద్దగా నవ్వి తెలుగులోనే చెప్పాడు. "మా షెడ్డులోనే తయారు చేసినా సార్. శానా తిప్పలు పడినా దీనికోసరం."

నేను కుట్టించుకున్న చొక్కా వేసుకుని నేను చెప్పాల్సిన మాట అది. మా ఆవిడ నా మొహం చూసి ఫోను పక్కన పెట్టేసింది. ఆమెకు ఏదో అర్థమైనట్టుంది. నాకు మాత్రం ఇంకా ఒకటి అంతుపట్టలేదు. స్ప్రింగులు పనికిరావని తేలింది కదా, నా కళ్లతో నేనే చూశాను కదా, మరి ఈయన వాటిని ఎందుకు పెట్టుకున్నాడు? పనికిరాని సోకు అని నాతో తీయించి తను ఎందుకు బిగించుకున్నాడు?

తర్వాతి ఆదివారం కడప పోయాను. గెలిచినందుకు బావ ఇంట్లో విందు. షెడ్డూ ఇల్లూ ఒకే ఆవరణలో ఉంటాయి. చుట్టాలు కొందరు, సారు, అందరూ వసారాలో కూర్చుని బెంగళూరు కబుర్లు వింటున్నారు. నేను ఎవరినీ పలకరించకుండా పక్క గదిలోకి పోయాను. ట్రాక్ మీద అతుకు దగ్గర బొటనవేలి గోరు పెట్టి లాగాను. కళ్లద్దాల అంచు చూసేది మేం అలాగే. గోరు ఆగలేదు. ఇంకో అతుకు చూశాను. అక్కడా ఆగలేదు. జేబులో అద్దాలు తుడిచే గుడ్డ ఉంటే దాంతో గట్టిగా రుద్దాను. పైనున్న నూనె పోయింది. అతుకుకు అటూ ఇటూ జానెడు మేర బండ అద్దంలా మెరిసింది, మిగతాదంతా మామూలు గరుకు బండ. ప్రతి అతుకూ అంతే. పాలిష్ పట్టి సమం చేశారు. పాలిష్‌కు పాత రాగి పట్టీలు లేచిపోతాయి కాబట్టి కొత్తవి అంటించారు. మెరుపు తెలియకుండా అంతటా నూనె రాశారు.

నున్నగుంటే స్ప్రింగు దండగ. సంగటి పళ్లెంలో గీసి మరీ చెప్పాను కదా. నా కారును ఓడించడానికి ఆయన నా కారు జోలికి రాలేదు, నన్ను ముట్టుకోలేదు. నేను నేర్పిన ముక్క తీసుకుని నా కాళ్ల కింద నేలను చదును చేశాడు. నేను మాత్రం నా స్ప్రింగులను తిట్టుకుంటూ కర్నూలు పోయాను.

వెనక అడుగుల చప్పుడైంది. బావ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. నా చేతిలో గుడ్డ చూశాడు. ఒక్క క్షణం కూడా తడబడలేదు.

"కనుక్కుంటివే!" అని విరగబడి నవ్వాడు. వసారాలో వాళ్లకు వినపడేలా, "ఓయ్, మా బామ్మర్ది ఇప్పటికి కనుక్కున్యాడప్పా!" అని అరిచాడు. అందరూ లేచి వచ్చారు. వాళ్ల ముందే జరిగిందంతా చెప్పాడు. అతుకులు ఎలా సమం చేసిందీ, నూనె ఎలా పూసిందీ, నేను ఎలా మెచ్చుకుందీ, నా మొహం ఎలా మాడిందీ, ఏదీ వదలకుండా చెప్పాడు. ఒక్కొక్క ముక్కకూ ఒక్కొక్కరు పడి పడి నవ్వారు. సారు నవ్వలేదు, తెల్లచొక్కా మడతలు సర్దుకుంటూ గుమ్మం పక్కకు జరిగాడు.

"ఒప్పుకున్నది తప్పినావు బావా" అన్నాను.

"యాడ తప్పినా? నీ కారు ముట్టుకున్యానా? ఇద్దరమూ ఒగే ట్రాక్ మీదనే గదా తోలింది?"

"మరి నా స్ప్రింగులు?"

"నీ చేత్తో నువ్వే ఇస్తివి గదప్పా, నేనేమన్నా దొంగిలిచ్చినానా?" అని నా తొడ మీద గట్టిగా చరిచాడు. "బామ్మర్దిని ఈ మాత్రం ఆటపట్టీకపోతే నేనేం బావను? ఇంత మాత్రానికే మొహం అట్ల పెట్టుకుంటారా ఎవురైనా?"

ఎవరో పెద్దాయన నా వైపు తిరిగి, ఊరుకో నాయనా, బావే కదా అన్నాడు. నేను అరవాలంటే ఆ పదిమంది ముందూ అరవాలి. అరిస్తే, బొమ్మ కారు కోసం బావతో గొడవ పడ్డాడని ఊరూరా చెప్పుకుంటారు. ఆయనకు అది తెలుసు, అందుకే అంత ధైర్యంగా నవ్వాడు. సరసం అనే మాట ముందుకు తోసి, బాధపడే హక్కు కూడా నా చేతుల్లోంచి లాగేసుకున్నాడు. అదే నాకు అన్నిటికంటే ఎక్కువ మండింది.

అక్కడ నిలబడలేక వంటింట్లోకి పోయాను. అక్క పొయ్యి ముందు నిలబడి సంగటి గెలుకుతోంది. చిన్నప్పుడు నేను ఇంట్లో రేడియో విప్పి కూర్చుంటే పక్కన టార్చిలైటు పట్టుకుని నిలబడేది అక్కే. నాయన తిడితే తనే పగలగొట్టానని చెప్పేది. ఈ ఇంట్లో నా తరఫు మనిషి ఒకరు ఉన్నారనే ధైర్యంతోనే నేను ప్రతి ఆదివారం ఆ గడప తొక్కింది. ఆమెకైనా చెప్పుకుందామని, "చూసినావా అక్కా బావ చేసిన పని" అన్నాను.

అక్క తిరగలేదు. కట్టె తిప్పుతూనే ఉంది.

నాకు ఇంకా మంట చల్లారలేదు. బండ పాలిష్ పట్టడం ఒక్కరి వల్ల కాదు. మిషను తిరుగుతున్నంతసేపూ పక్కన ఇంకొకరు నిలబడి రాతి మీద నీళ్లు పోస్తూనే ఉండాలి. లేకపోతే రాయి వేడెక్కి గదంతా రాతి పొడి అయిపోతుంది. షెడ్డులో పనివాళ్లు నాకు అందరూ తెలిసినవాళ్లే, అన్నా అన్నా అంటారు. వాళ్లలో ఎవడు చేతులు కలిపాడో తెలుసుకోవాలనిపించింది.

"నీళ్లు పోసినోడు ఎవుడక్కా?" అన్నాను.

"నేనే పోసినా" అంది.

అక్క పొయ్యి తగ్గించి, చేతులు కొంగుకు తుడుచుకుని, అప్పుడు నా వైపు తిరిగింది. కళ్లలో నీళ్లేం లేవు. నన్ను బతిమాలలేదు కూడా.

"నువ్వు ఓడిపోతే ఏమైతాదిరా? ఇంటికి పోయి గమ్మునుంటావు. ఆయప్ప ఓడిపోతే ఆ మొగంతో ఈడ నేను ఉండాల గదా."

నా స్ప్రింగులు ఏమిటో, వాటి వెనక నేను ఎన్ని రోజులు కూర్చున్నానో ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఆమె ఒక్కతే. తెలిసే చెంబుతో నీళ్లు పోసింది. బావ మీద అంతసేపు రగిలిన మంట ఒక్కసారిగా చల్లారిపోయింది. ఆయన మీద కోపం తెచ్చుకోవచ్చు. అక్క మీద ఏం తెచ్చుకోను?

"పోయి కూర్చో, వడ్డిస్తాండా" అంది అక్క.

పోయి అందరి మధ్యనా కూర్చున్నాను. అక్క నా పళ్లెంలో సంగటి పెట్టి, కోడికూరలో నాకు ఇష్టమైన ముక్క వెతికి వేసింది. బావ ఎదురుగా కూర్చుని, నూనె రాసిన ట్రాక్‌ను నేను మెచ్చుకున్న తీరు ఇంకోసారి అభినయించి చూపించాడు. అందరూ నవ్వారు. అక్క గరిటె పట్టుకుని నా మొహం వైపే చూస్తోంది. నేను కూడా నవ్వాను.